పెసిసిర్ సెలాతన్ గంబీర్: కొనేముందు విరిచి చూడాల్సిన కాచు

కాచు పేరుతో బజారులో దొరికేదంతా ఒకటే సరుకు కాదు. చండ్ర చెట్టు చేవను ముక్కలు కొట్టి, ఉడకబెట్టి తీసేది ఒకటి. సుమత్రా దీవి పడమటి కొండల మీద పెరిగే ఒక పొద ఆకుల నుంచీ లేత రెమ్మల నుంచీ పిండి తీసేది ఇంకొకటి. ఈ రెండో దాని పేరు గంబీర్. మొక్క శాస్త్రీయ నామం అంకారియా గంబీర్, కాఫీ కుటుంబానికి చెందినది. ప్రపంచంలో అమ్ముడయ్యే గంబీర్‌లో చాలా పెద్ద భాగం ఇండోనేషియా నుంచే వస్తుంది. అందులోనూ ఎక్కువ భాగం మినంగ్‌కబావ్ జనం ఉండే పశ్చిమ సుమత్రా రాష్ట్రానిది. కొనే దేశాల్లో అన్నిటికంటే పెద్దది మన దేశం. అందుకే ఈ సరుకు ఎక్కడ ఎలా తయారవుతుందో, ఏది మంచిదో ఏది కాదో మనకు తెలిసి ఉండాలి.

పశ్చిమ సుమత్రాలో గంబీర్ ప్రధానంగా రెండు జిల్లాల్లో తయారవుతుంది. లోపలి కొండల్లో ఉన్న లిమా పులు కోటా మొదటిది, ఉత్పత్తిలో అదే పెద్దది. సముద్రం ఒడ్డున పొడవుగా సాగిన పెసిసిర్ సెలాతన్ రెండోది. ఈ సమీక్ష రెండోదాని గురించి. ముందే తీర్పు చెప్పేస్తాను. తయారీ పాకలో తొట్టి అడుగున పేరుకున్నప్పటి గంబీర్‌కి నిండు మార్కులు వేయవచ్చు. గోనె సంచిలో కొనేవాడి చేతికి చేరిన గంబీర్‌కి సగం మార్కులే. ఆ పోయిన సగం ఎక్కడ పోయిందో తెలిస్తే సరుకు ఎంచుకోవడం తేలిక. ఆ ఊళ్ల బతుకు ఎక్కడ చిక్కుకుందో కూడా అక్కడే అర్థమవుతుంది.

పటంలో పెసిసిర్ సెలాతన్ సన్నని పట్టీలా కనిపిస్తుంది. పడమట హిందూ మహాసముద్రం, తూర్పున బుకిత్ బారిసాన్ పర్వతాలు, ఆ పర్వతాల మీద కెరించి సెబ్లాత్ జాతీయ వనం. మధ్యలో మిగిలిన కాస్త చదును నేలలోనే రాష్ట్ర రాజధాని పాడాంగ్ నుంచి బెంగ్‌కులు వెళ్లే రోడ్డు, వరి పొలాలు, కొబ్బరి తోటలు, చేపల రేవులు, జిల్లా కేంద్రం పైనాన్ పట్టణం అన్నీ సర్దుకోవాలి. దక్షిణాన లునాంగ్, సిలావుత్ వైపు నేల విశాలం, అక్కడ పామాయిల్ తోటలు నడుస్తాయి. ఉత్తరాన సిగుంటూర్, తరుసాన్ వైపూ, ఇంకా కిందికి బతాంగ్ కపాస్, సురంతిహ్ వైపూ కొండ రోడ్డు దాకా దిగి వస్తుంది. వరి వేయడానికి వీల్లేని ఆ ఏటవాలు మీద పండి డబ్బు తెచ్చే పంట గంబీరే.

మొక్క గురించి కొంచెం. స్థానిక రైతులు మూడు రకాలు చెబుతారు: ఉడాంగ్, రియావు, చుబడాక్. ఉడాంగ్ ఆకు, చిగురు ఎర్రగా ఉంటాయి, చుబడాక్ ఆకు వెడల్పుగా, పచ్చగా ఉంటుంది. విత్తనం ధూళి అంత సన్నం. కాయలోంచి బయటపడ్డాక మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది కాబట్టి నిలవ చేసి వాడదామంటే కుదరదు. తడిగా, నీడగా ఉన్న మట్టి గట్టు మీద చల్లి నారు పోస్తారు. నాటాక ఏడాదిన్నర, రెండేళ్లకు మొదటి కోత వస్తుంది. ఆ తర్వాత ఏడాదికి రెండు మూడు సార్లు రెమ్మలు కోయవచ్చు. కలుపు తీస్తూ, కోతల మధ్య నాలుగైదు నెలలు విశ్రాంతి ఇస్తే తోట ఏళ్ల తరబడి దిగుబడి ఇస్తుంది. ధర పెరిగిన ఏడాది ఆగలేక ముందే కోస్తే తర్వాతి రెండు కోతలు సన్నబడిపోతాయి. ఆకు తక్కువ, పుల్ల ఎక్కువ అవుతుంది.

కోసిన ఆకును కొండ కింద ఊరికి తీసుకురారు. తోట పక్కనే, వాగు దగ్గర ఒక పాక ఉంటుంది. దాన్ని రుమహ్ కంపో అంటారు. అక్కడ పనిచేసే కూలీలు అనక్ కంపోలు. సాధారణంగా ఒక్కో పాకలో ఇద్దరు ముగ్గురు ఉంటారు. వారంలో ఎక్కువ రోజులు అక్కడే ఉండి, సంత రోజుకు సరుకుతో కిందికి దిగుతారు. నీళ్లు, కట్టెలు, ఆకు మూడూ పైనే ఉన్నాయి, ఆకు బరువులో చేతికొచ్చే గంబీర్ చాలా తక్కువ. వంద కిలోల పచ్చి ఆకు ఉడకబెట్టి పిండితే ఎండు గంబీర్ ఆరేడు కిలోలకు అటూ ఇటూ వస్తుంది. ఆకు మోయడం కంటే గంబీర్ మోయడం ఎంత మేలో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు తయారీ. నాణ్యత మొత్తం ఇక్కడే తేలుతుంది కాబట్టి నెమ్మదిగా చెబుతాను.

మొదటి పని, ఆకును తాడు వల సంచిలో కూరి, కాళ్లతో తొక్కి గట్టి మూటగా కట్టడం. పెద్ద బాణలిలో నీళ్లు మరుగుతుంటాయి. దాని పేరు కంచా. దాని మీద నిలువుగా చెక్కతో చేసిన పీపా లాంటిది ఉంటుంది, మూటను అందులో దించుతారు. కింది నీళ్ల మరుగు, పైకి లేచే ఆవిరి రెండూ ఆకును మెత్తబరుస్తాయి. మధ్యలో మూటను తిరగేస్తారు, కంచాలోని వేడి నీళ్లు పైన పోస్తారు. మొత్తం గంటా, గంటన్నర పడుతుంది. ఇక్కడ రెండు తప్పులు మామూలుగా జరుగుతాయి. కోసిన ఆకును మర్నాటి దాకా కుప్పగా వదిలేస్తే కుప్ప లోపల వేడెక్కి ఆకు నల్లబడుతుంది. అందులో వగరునిచ్చే కాటెకిన్ అనే పదార్థం గాలి తగిలి మారిపోతుంది, మళ్లీ ఎంత ఉడకబెట్టినా రాదు. రెండోది, ముదురు ఆకు, పసుపు తిరిగిన ఆకు కూడా తూకం కోసం కలిపేయడం. లేత ఆకులో కాటెకిన్ ఎక్కువ, ముదురు ఆకులో తక్కువ. ఉడకబెట్టే శ్రమ, కట్టె ఖర్చు మాత్రం రెండిటికీ ఒకటే.

కాటెకిన్ అంటే ఈ సరుకు ప్రాణం. గంబీర్‌లో వగరు ఇచ్చే పదార్థాలు ముఖ్యంగా రెండు: కాటెకిన్, టానిన్. కాటెకిన్ వేడి నీళ్లలో బాగా కరుగుతుంది, చల్లటి నీళ్లలో దాదాపు కరగదు. టానిన్ చల్లటి నీళ్లలో కూడా కరుగుతుంది. పాకలో చేసే పనంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

ఉడికిన మూట వేడి ఆరకముందే పిండాలి. పూర్వం రెండు దుంగల మధ్య మూటను పెట్టి, చెక్క చీలలు కొట్టి నొక్కేవారు. ఇప్పుడు చాలా పాకల్లో లారీలకు వాడే హైడ్రాలిక్ జాకీ పెట్టి నొక్కుతున్నారు. శ్రమ తగ్గింది, రసం ఎక్కువ దిగుతోంది. అదే మూటను మళ్లీ ఉడకబెట్టి రెండోసారి కూడా పిండుతారు. రసం గోధుమ రంగులో చిక్కగా కారుతుంది. దాన్ని వడకట్టి చెక్క తొట్టిలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచుతారు. చల్లబడే కొద్దీ కాటెకిన్ సన్నని స్ఫటికాలుగా విడిపోయి అడుగున పసుపు, లేత గోధుమ రంగు ముద్దగా పేరుకుంటుంది. పైన తేరిన ముదురు నీరు టానిన్ నీరు. దాన్ని తీసి మళ్లీ కంచాలో పోసి తర్వాతి ఆకు ఉడకబెట్టడానికి వాడతారు. కొంతవరకు ఇది మంచి పద్ధతే, నీళ్లలో మిగిలిన కాటెకిన్ వృథా కాదు. కానీ అవే నీళ్లు రోజుల తరబడి తిరిగి వాడితే రంగు పదార్థం పేరుకుని గంబీర్ నల్లబడుతుంది. నల్లటి సరుకు ఎదురైతే మొదట అనుమానించాల్సింది ఇదే. తర్వాత అనుమానించాల్సింది పాత ఇనుప బాణలి. టానిన్‌కు ఇనుము తగిలితే నలుపు తిరుగుతుంది.

అడుగున చేరిన ముద్దను గుడ్డలో కట్టి, పైన బరువు పెట్టి నీరు ఓడ్చాలి. ఈ పనికి ఒక రాత్రి కావాలి. తొందరలో నాలుగైదు గంటలకే విప్పితే ముద్ద జారుగా ఉంటుంది, అచ్చులో నిలవదు, ఎండేటప్పుడు పగుళ్లిస్తుంది. సరిగ్గా ఓడిన ముద్ద గట్టి వెన్నలా ఉండి, వేలితో నొక్కితే నీరు కనిపించదు. దాన్ని వెదురు గొట్టం లాంటి చిన్న అచ్చుల్లో కూరి తోసి, వెదురు తట్టల మీద పేర్చి ఎండబెడతారు. స్తంభం ఆకారంలో, పైన చిన్న గుంటతో ఉండేది పాత రూపం. నాణెంలా పలచగా ఉండేది ఇంకొక రూపం.

నా దృష్టిలో ఈ సరుకు దెబ్బతినేది ఎండబెట్టే చోట. ఈ తీరం మామూలు తీరం కాదు. పాడాంగ్‌లో ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరీ ఎక్కువ. మంచి ఎండ దొరికితే రెండు మూడు రోజుల్లో ఎండాల్సిన అచ్చు, వాన రోజుల్లో వారమైనా ఎండదు. అప్పుడు తట్టలను కంచా పొయ్యి మీది అటకకు ఎక్కిస్తారు. పొగ, వేడి కలిసి పైపొర త్వరగా గట్టిపడుతుంది, లోపలి తడి బయటికి రాలేక చిక్కుకుంటుంది. పైకి చూస్తే రాయిలా ఉంటుంది. నెల రోజులు గోనెలో ఉన్నాక విరిస్తే మధ్యలో బూజు. పొగ వాసన కూడా పోదు, తాంబూలానికి అది పనికిరాదు. స్తంభం ఆకారం కంటే పలచని నాణెం ఆకారం మేలని చెప్పడానికి కారణం ఇదే. పలచనిది లోపలి దాకా ఎండుతుంది.

ఇండోనేషియా జాతీయ ప్రమాణం ప్రకారం మొదటి తరగతి గంబీర్‌లో తేమ 14 శాతం, బూడిద 5 శాతం మించకూడదు, కాటెకిన్ కనీసం 60 శాతం ఉండాలి. కాగితం మీద ఇది చాలా మంచి ప్రమాణం. కానీ ఊళ్లో సరుకు కొనే వ్యాపారి చేతిలో ప్రయోగశాల ఉండదు. అతన్ని అక్కడ టోకే అంటారు. అతను చేత్తో ఎత్తి చూస్తాడు, విరిచి రంగు చూస్తాడు, తడిగా ఉంటే కిలోకు ఇంతని కోత వేసి తూకం వేస్తాడు. కాటెకిన్ 50 శాతమా 70 శాతమా అన్నదానికి ధరలో తేడా దాదాపు రాదు. తూకానికి మాత్రం ప్రతి గ్రాముకూ డబ్బు వస్తుంది. అలాంటప్పుడు రాత్రంతా ఓడ్చి, మూడు రోజులు ఎండబెట్టి, శుభ్రమైన సరుకు తెచ్చినవాడు తూకంలో నష్టపోతాడు. ముద్దలో సన్నటి మట్టి, ఆకు పిప్పి పొడి కలిపినవాడు లాభపడతాడు. అందరూ కలుపుతారని అనడం అన్యాయం. కలపకుండా ఉండటానికి ఈ అమ్మకం పద్ధతిలో ఏ ప్రతిఫలమూ లేదన్నదే నా ఫిర్యాదు. ఫిర్యాదు రైతు మీద కాదు, తూకం మీద మాత్రమే ధర కట్టే కొనుగోలుదారుల మీద. ఆ వరస చివర కూర్చున్నది మన దేశపు వ్యాపారులే కాబట్టి మార్పు కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి.

చేతులు మారే తీరు ఇలా ఉంటుంది. పాక నుంచి ఊరి టోకేకి, అతని నుంచి పెద్ద టోకేకి, అక్కడి నుంచి పాడాంగ్‌లోని ఎగుమతిదారుకి, తర్వాత తెలుక్ బయూర్ రేవు నుంచి ఓడలో మన దేశానికి. ఊరి టోకే బియ్యం, నూనె, రొక్కం ముందుగా అప్పిస్తాడు. అప్పు తీసుకున్నవాడు సరుకు అతనికే పోయాలి, ధర గురించి గట్టిగా అడగలేడు. పాకలో వచ్చిన డబ్బు తోట యజమానికీ కూలీలకీ పంచుకుంటారు. వాటాలు ఊరిని బట్టి మారతాయి, సగం సగం పంచుకోవడం చాలాచోట్ల వాడుక.

ఇక కొనేవాళ్లకు పనికొచ్చే పరీక్షలు. ఏవీ ఖరీదైనవి కావు.

ముందు విరవండి. మంచి గంబీర్ బయట ముదురు ఎరుపు గోధుమ రంగులో, లోపల లేత పసుపు గోధుమ రంగులో, పొడి పొడిగా, సన్నటి రంధ్రాలతో ఉంటుంది. బయట నల్లగా ఉండటం లోపం కాదు, గాలి తగిలి రంగు మారుతుంది. లోపల కూడా నల్లగా, మెరుస్తూ, గాజులా విరిగితే టానిన్ ఎక్కువ, కాటెకిన్ తక్కువ. మధ్యలో తెల్లటి, పచ్చటి చుక్కలు బూజు. నాలుక మీద చిన్న ముక్క పెట్టుకుంటే ముందు చేదూ వగరూ తెలిసి, చివర కొంచెం తీపి తగలాలి. పళ్ల మధ్య ఇసుక కరకరలాడితే ఇంక పరీక్ష అక్కర్లేదు.

తర్వాత వేడి నీళ్ల పరీక్ష. 5 గ్రాముల పొడిని 100 మిల్లీలీటర్ల మరుగుతున్న నీళ్లలో వేసి పది నిమిషాలు కలపండి. వేడిగా ఉండగానే ముందే తూచి పెట్టుకున్న పలచని గుడ్డలోంచి వడకట్టండి. గుడ్డ మీద మిగిలినదాన్ని మరో గ్లాసు మరిగే నీళ్లతో కడిగి, పూర్తిగా ఎండబెట్టి తూచండి. అర గ్రాము దాటితే, అంటే పదో వంతు దాటితే, కల్తీ ఉందనే అనుకోవాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. నీళ్లు చల్లారాక చూస్తే గ్లాసు అడుగున మడ్డి కనిపిస్తుంది, దాన్ని మట్టి అనుకుంటారు. అది విడిపోయిన కాటెకిన్, అంటే సరుకులో అన్నిటికంటే విలువైన భాగం. మళ్లీ వేడి చేసి చూస్తే అది కరిగిపోతుంది, మట్టి అయితే కరగదు.

బూడిద పరీక్ష మట్టిని తప్పకుండా పట్టిస్తుంది. 10 గ్రాముల పొడిని పింగాణీ గిన్నెలో నల్లదనం పూర్తిగా పోయేదాకా కాల్చాలి. మిగిలిన బూడిద అర గ్రాము మించకూడదు. ఇంట్లో పొయ్యి మీద ఇది అంత బాగా కుదరదు, కాలీ కాలని బొగ్గు మిగిలి లెక్క తప్పుతుంది. కాలేజీ ప్రయోగశాలలో కొలిమి ఉంటే అక్కడ చేయించుకోవడం మంచిది. పిండి కలిపారన్న అనుమానం ఉంటే అయోడిన్ చుక్కను ద్రావణంలో వేయకండి. గంబీర్ ద్రావణమే అయోడిన్‌ను మింగేస్తుంది, పిండి ఉన్నా నీలం రంగు రాకపోవచ్చు. వడకట్టాక గుడ్డ మీద మిగిలిన, బాగా కడిగిన మడ్డి మీద వేయాలి. అప్పుడు నీలం వస్తే పిండి ఉన్నట్టే.

గంబీర్ పేరు చెప్పి చండ్ర కాచు ఇచ్చారా, లేక చండ్ర కాచు పేరు చెప్పి గంబీర్ ఇచ్చారా అన్నది ఇంకో ప్రశ్న. దీనికి మందుల శాస్త్రంలో పాత పరీక్ష ఉంది. పొడిని ఆల్కహాల్‌లో కలిపి వడకట్టి, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి, పెట్రోలియం ఈథర్‌తో కుదిపి నిలబెట్టాలి. పైన తేలిన ఈథర్ పొర ఆకుపచ్చగా మెరిస్తే అది గంబీర్. చండ్ర కాచుకు ఆ మెరుపు రాదు. ఈథర్‌కు క్షణంలో నిప్పంటుకుంటుంది, సోడియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది. ప్రయోగశాలలో, తెలిసినవాళ్ల చేతనే చేయించాలి.

వాడకాన్ని బట్టి నా అభిప్రాయం మారుతుంది. తోళ్లు పదును చేసేవాళ్లకు పెసిసిర్ సెలాతన్ మామూలు సరుకు సరిపోతుంది. అక్కడ టానిన్ కూడా కావాలి కాబట్టి రంగు కొంచెం ముదిరినా నష్టం లేదు. గంబీర్ వేసిన తోలు మెత్తగా వస్తుంది.

బట్టల అద్దకానికి ఇది నిజంగా మంచి సరుకు, ధైర్యంగా సిఫారసు చేస్తాను. పశ్చిమ సుమత్రా బాటిక్ అద్దకంలో గంబీర్ వాడుక ఉంది. పాకలో మిగిలిన ఉడకబెట్టిన నీటిని కూడా రంగుకు ఉపయోగిస్తారు. 100 గ్రాముల నూలు బట్టకు 20 నుంచి 30 గ్రాముల పొడి చాలు. రెండు లీటర్ల వేడి నీళ్లలో కరిగించి, వేడిగా ఉండగానే వడకట్టాలి, లేకపోతే మడ్డి బట్ట మీద మచ్చలు కడుతుంది. గోరువెచ్చగా ఉండగా బట్ట ముంచి, తిప్పుతూ అరగంట ఉంచి, నీడలో ఆరేసి, ఇలా రెండు మూడు సార్లు చేయాలి. ఆఖరున పటిక నీళ్లలో ముంచితే పసుపు గోధుమ, తేరిన సున్నపు నీళ్లలో ముంచితే ఎరుపు గోధుమ, అన్నభేది (ఇనుప సల్ఫేట్) నీళ్లలో ముంచితే నలుపు తిరిగిన ఆకుపచ్చ వస్తాయి. అన్నభేది ఎక్కువైతే నూలు పెళుసెక్కుతుంది, లీటరుకు రెండు మూడు గ్రాములు మించనివ్వకండి. అద్దకానికి మట్టి కలిసిన సరుకు మాత్రం వద్దే వద్దు.

తాంబూలానికైతే ఊరి నుంచి వచ్చిన సరుకును నేరుగా వాడవద్దు. మళ్లీ శుభ్రం చేయాలి. పావు కిలో గంబీర్‌ను చిన్న ముక్కలు చేసి, లీటరున్నర మరిగే నీళ్లలో కరిగించి, వేడిగా ఉండగానే రెండు పొరల గుడ్డలో వడకట్టండి. స్టీలు గిన్నె వాడండి, ఇనుపది వద్దు. కదపకుండా రాత్రంతా ఉంచి, తెల్లారాక పైన తేరిన ఎర్రటి నీరు వంచేయండి. అడుగున ఉన్న లేత ముద్దను గుడ్డలో కట్టి, బరువు పెట్టి, ఓడ్చి, పలచగా కోసి నీడలో గాలికి ఆరబెట్టండి. బరువు సగానికి తగ్గినా కంగారు పడకండి, పోయింది మట్టి, టానిన్, తేమ. ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. క్యాన్సర్ పరిశోధనకు సంబంధించిన అంతర్జాతీయ సంస్థ వక్కను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. కాచు ఎంత శుద్ధమైనదైనా తాంబూలంలో వక్క వక్కే. రోజూ నమిలే అలవాటుకు ఈ సమీక్షను మద్దతుగా తీసుకోవద్దు.

ధర స్థిరంగా ఉండదు. రెండు మూడేళ్లలోనే కిలో ధర మూడు వంతుల్లో ఒక వంతుకు పడిపోవడం ఈ పంటకు కొత్త కాదు. కొనే దేశం దాదాపు ఒకటే కావడం ఒక కారణం. ఇక్కడి వ్యాపారులు కొనడం ఆపిన నెలలో అక్కడ టోకే కూడా ఆపేస్తాడు. ధర పడినప్పుడు కూలీలు పాక వదిలి పాడాంగ్, జకార్తా, మలేషియా వైపు వెళ్లిపోతారు. మినంగ్‌కబావ్ మగపిల్లలకు ఊరు వదిలి వెళ్లి సంపాదించడం తరతరాల ఆనవాయితీ, దాన్ని మెరంతావ్ అంటారు. భూమి తల్లి వైపు వంశానిది, కూతుళ్ల ద్వారా కొనసాగుతుంది. వంశపు భూమిని అమ్మడానికి ఆచారం ఒప్పుకోదు, అవసరమైతే కుదువ పెడతారు. ఈ ఏర్పాటు వల్ల కొండ తోట ఊరి చేతి నుంచి పూర్తిగా జారిపోదు, అది పెద్ద మేలు. కానీ తోట చూసుకోవడానికి చేతులు తగ్గాక కలుపు పెరుగుతుంది, పొద ముదురుతుంది. ధర పెరిగిన ఏడాది అందరూ తిరిగొచ్చి ముదురు ఆకే కోస్తారు. ఊరి భవిష్యత్తును అడ్డుకునేది వలస కాదు, ఈ ఎగుడుదిగుడు ధర.

కొండ విషయం కూడా విడిగా చెప్పాలి. గంబీర్ తోట వేయడానికి ఏటవాలు మీది చెట్లన్నీ కొడతారు, కంచా కింద మండేదీ ఆ కట్టెలే. 2024 మార్చిలో పెసిసిర్ సెలాతన్‌ను వరదలు, కొండచరియలు అతలాకుతలం చేశాయి, ప్రాణాలు పోయాయి, రోడ్లు తెగాయి. దానికి కారణం గంబీర్ తోటలే అని అనను, అంత వాన ఒక్కసారి పడితే అడవి ఉన్న కొండ కూడా జారుతుంది. అయినా నిటారు ఏటవాలు మీద కలుపంతా గీకేసి మట్టిని బోడిగా వదిలే పద్ధతి ప్రమాదమే. పిండాక మిగిలిన ఆకు పిప్పిని పొదల మొదట్లో పరిస్తే మట్టి కొట్టుకుపోకుండా ఉంటుంది, ఎరువూ అవుతుంది. పిప్పిని ఎండబెట్టి పొయ్యిలో వాడితే కట్టె ఆదా అవుతుంది. రెండూ ఒకే పిప్పితో కుదరవు కాబట్టి వాలు ఎక్కువున్న తోటల్లో పరచడానికే వాడాలని నా అభిప్రాయం.

మంచి సరుకు కావాలనుకునే చిన్న కొనుగోలుదారులు చేయగలిగిన పనులు ఉన్నాయి. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో తయారైన సరుకు అడగండి, ఏడాది చివరి వానల్లో ఎండినది వద్దు. పలచని నాణెం ఆకారం అడగండి. మొత్తం కొనేముందు మూడు వేర్వేరు సంచుల అడుగు నుంచి తీసిన నమూనాలు తెప్పించుకోండి, పైన పేర్చినవి ఎప్పుడూ బాగుంటాయి. తేమ 14 శాతం, వేడి నీళ్లలో కరగనిది 7 శాతం, బూడిద 5 శాతం లోపు ఉంటే కిలోకు ఇంత ఎక్కువ ఇస్తామని ముందే కాగితం మీద రాయండి. ఆ ఎక్కువ ధర ఎగుమతిదారు దగ్గర ఆగకుండా పాక దాకా వెళ్లేలా, ఏ ఊరి సరుకో సంచి మీద రాయించండి. సరుకు చేరాక గోనెలోంచి తీసి, ఒకరోజు గాలికి ఆరబెట్టి, మూత బిగుతుగా పట్టే డబ్బాలో నేలకు ఎత్తుగా పెట్టండి. గోనెలోనే వదిలేస్తే పాకలో ఎంత జాగ్రత్తగా ఎండబెట్టినదైనా వానాకాలంలో బూజు పడుతుంది.